ఈ ఉదయం రొట్టె ఎందుకు నల్లగా ఉంది

(2008 జూన్ 1, ఆదివారం సాయంత్రం. కాశీబుగ్గ రైలు గేటు దగ్గరి చర్చి ఆవరణలో పాస్టరు దానయ్యగారికి జరిగిన వీడ్కోలు సభలో ఆయన భార్య కృపావతిగారు మాట్లాడిన మాటలు.)

అధ్యక్ష స్థానంలో కూర్చున్న మన సంఘ పెద్ద బాబూరావుగారికి, జీడిమిల్లు పని మధ్యలో వదిలి మా పిలుపు మన్నించి వచ్చిన ఈశ్వరరావుగారికి, పూండి నుంచి, అక్కుపల్లి నుంచి ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చిన అక్కచెల్లెళ్లకి, అన్నదమ్ములకి, కుర్చీలు చాలక చాపల మీద సర్దుకున్న పెద్దవాళ్లకి, ముందు వరుసలో ఇప్పటికే ఆవలిస్తున్న పిల్లలకి, అందరికీ నా వందనాలు.

బాబూరావుగారు నన్ను పిలుస్తూ "అమ్మగారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నారు. పన్నెండేళ్లుగా ఈ సంఘంలో నన్ను ఎప్పుడు పిలిచినా రెండు మాటలకే పిలిచారు. అయ్యగారికి గంటంపావు, అమ్మగారికి రెండు మాటలు. (నవ్వులు) ఇవాళ ఆ రెండు మాటలూ నేను కాస్త సాగదీసి మాట్లాడతాను. రేపు ఉదయం రైలుకి మేం వెళ్లిపోతున్నాం కాబట్టి కమిటీవారు నన్నేమీ చెయ్యలేరు.

ఉదయం ఆరాధన అయ్యాక కనీసం పదిమంది నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగారు, బల్ల మీది రొట్టె నల్లగా ఉందేమని. ఒకావిడ మాడిపోయిందా అంది. ఇంకొకాయన, అమ్మగారికి కళ్లజోడు మార్పించాలి, పిండి కనపడడం లేదు అన్నాడట, నాకు వినపడదనుకుని. బాబూరావుగారు పెద్దమనిషి, ఏమీ అడగలేదు. నమిలారు, నా వైపు చూశారు, మళ్లీ నమిలారు. (నవ్వులు) అందరికీ సాయంత్రం చెబుతానన్నాను. ఇప్పుడు చెబుతాను. అది చెప్పాలంటే నా తప్పొకటి చెప్పాలి, ఎనిమిదేళ్ల కిందటిది. వెళ్లిపోయే ముందు అది మీ అందరి ముందూ చెప్పకపోతే, రేపు రైలెక్కినా నేను ఇక్కడే ఉండిపోయినట్టు.

ఈశ్వరరావుగారూ, మీది వేరే సంప్రదాయం కనక మీకోసం ఒక్క ముక్క. మేం ప్రతి నెలా మొదటి ఆదివారం, మా ప్రభువు సిలువకు వెళ్లే ముందు తనవాళ్లతో కలిసి తిన్న భోజనాన్ని జ్ఞాపకం చేసుకుంటూ ఒక రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. ప్రభువు బల్ల అంటాం. కొన్ని సంఘాల్లో పాస్టరుగారే తుంచి పెడతారు. ఇక్కడ మొదటి నుంచీ ఆచారం వేరు. పళ్లెం చేతులు మారుతూ వెళ్తుంది, ఎవరి ముక్క వాళ్లే తుంచుకుని పక్కవాళ్లకి అందిస్తారు. రొట్టె చెయ్యడం అమ్మగారి పని. పళ్లెంలో ఏమైనా మిగిలితే పారెయ్యకూడదు, అయ్యగారూ అమ్మగారూ ఇంటికి తీసుకెళ్లి తినాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మేం తొంభై ఆరులో, జూన్ నెలలోనే, పలాస స్టేషన్లో దిగాం. ఒక ట్రంకు పెట్టె, రెండు పరుపు చుట్టలు, ఒక కుట్టు మిషను. వాన. మమ్మల్ని తీసుకెళ్లడానికి బాబూరావుగారు గొడుగు పట్టుకుని వచ్చారు. ఆ గొడుగు అయ్యగారి మీద పట్టారు, నేనూ కుట్టు మిషనూ తడిశాం. (నవ్వులు) పరవాలేదు బాబూరావుగారూ, మిషను తుడుచుకున్నాను, అది ఇంకా పనిచేస్తోంది.

అప్పుడు నేనెలాంటి మనిషినో పాతవాళ్లకి తెలుసు. పెళ్లికి ముందు నర్సు చదువు సగంలో మానేసినదాన్ని. పూర్తి నర్సుకి ఎక్కడ ఊరుకోవాలో తెలుస్తుంది, సగం నర్సుకి అది తెలియదు. దానికి తోడు పరిశుద్ధంగా బతకాలని నాకు చిన్నప్పటి నుంచీ నిజంగా కోరిక. నవ్వకండి. ఉదయం పొయ్యి వెలిగించే ముందు రోజూ ఒకటే ప్రార్థన, ప్రభువా నాకు జ్ఞానం ఇవ్వు, నన్ను పరిశుద్ధపరచు అని. కానీ పరిశుద్ధత అంటే నా కంటికి ఏం కనపడేదో ఇప్పుడు నిజం చెబుతున్నాను. తెల్లగుడ్డ కనపడేది. బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లటి గుడ్డ, తెల్లటి రొట్టె, కడిగిన చేతులు. ఆదివారం బడి పిల్లల గోళ్లు నేనే చూసేదాన్ని. మీరంతా నా వెనక నన్ను ఏమని పిలిచేవారో కూడా నాకు తెలుసు. సబ్బు అమ్మగారు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కొట్టకండి, అదేం మెచ్చుకోలు కాదు.

ఆ మరుసటి ఏడాది పైడితల్లి బాప్తిస్మం తీసుకుంది. వాళ్ల అత్త, పేరు ముసలమ్మ, అంతకుముందే తీసుకుంది. ఇద్దరూ జీడిమిల్లులో పిక్కలు కొట్టేవాళ్లు. బాప్తిస్మానికి ముందు అయ్యగారు, కొత్త పేరేమైనా పెట్టుకుంటావా అమ్మా అని అడిగారు. పైడితల్లి అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది. "కొత్త పేరెందుకండి? మాయమ్మ పెట్టిన పేరు ప్రెబువుకి తెల్దేటి?" అంది. అయ్యగారు నవ్వి సరే అన్నారు. నాకు మాత్రం మింగుడు పడలేదు, అమ్మవారి పేరుతో ప్రభువు బల్ల దగ్గర కూర్చోవడమేమిటి అని మూడు రోజులు సణిగాను. సణిగి సణిగి ఆ పేరుకే అలవాటు పడ్డాను. ఇవాళ ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు అది.

తొంభై తొమ్మిది అక్టోబరులో తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోవడం మీరంతా చూసినవాళ్లే, నేను మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత బావుల్లో నీళ్లు పాడై విరేచనాలు మొదలయ్యాయి. ఒకే పళ్లెం అన్ని చేతులూ మారుతోంది కదా, నాలోని సగం నర్సు నిద్ర లేచింది. నవంబరు మొదటి ఆదివారం చర్చి గుమ్మం పక్కన ముక్కాలి పీట వేసి, దాని మీద తెల్లటి ఎనామిలు బేసిను, సబ్బు, తువ్వాలు పెట్టాను. పక్కన నేనే నిలబడ్డాను. చేతులు కడుక్కుని, నాకు చూపించి, లోపలికి వెళ్లాలి.

అంతవరకూ తప్పేమీ లేదు. ఈ రోజుకీ అంటాను, తప్పు లేదు.

అందరూ కడుక్కున్నారు. మిల్లు ఆడవాళ్ల వంతు వచ్చింది. జీడిపిక్క కొడితే పెంకులోంచి నూనె చిమ్ముతుంది, అది తోలుని కాలుస్తుంది, కాలినచోట నల్లబడుతుంది. అది మురికి కాదు. తోలే నల్లబడిపోతుంది. పలాసలో పుట్టిన పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. మూడేళ్లు ఇక్కడ ఉండి, వాళ్ల ఇళ్లలో టీ తాగి, నాకు తెలియదు. కాదు, తెలుసు, చూశాను, కానీ అది సబ్బుతో పోతుందనుకున్నాను. సబ్బు మీద నాకు అంత విశ్వాసం.

పైడితల్లి కడుక్కుని చేతులు చూపించింది. నల్లగా ఉన్నాయి. "ఇంకోసారి కడుక్కో" అన్నాను. కడుక్కుంది. "ఇంకోసారి" అన్నాను. వెనక వరస ఆగిపోయింది, అందరూ చూస్తున్నారు. మూడోసారి కడుక్కుంటే వేళ్ల సందుల్లో పగుళ్లు విచ్చి నీళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "సరేలే, వెళ్లు" అన్నాను. ఆ "సరేలే" అన్న గొంతు ఎలాంటిదో నాకు తెలుసు. ఆమె వెనక నిలబడ్డ ముసలమ్మ తన చేతులు నాకు చూపించనే లేదు. చెంగు కిందికి లాక్కుని, తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మిల్లు ఆడవాళ్లంతా వెనక గోడ దగ్గర చాపల మీద కూర్చునేవాళ్లు. పళ్లెం వాళ్ల దాకా వచ్చేది. చెంగు అడ్డం పెట్టుకుని పళ్లాన్ని కింది నుంచి పట్టుకుని పక్కకి అందించేవాళ్లు. రొట్టెని ముట్టుకునేవాళ్లు కాదు. నేను ముందు వరుసలో కూర్చునేదాన్ని, చూడలేదు. చూసినదల్లా ఒక్కటే, రొట్టె కింద పళ్లెంలో పరిచే గుడ్డ ఇప్పుడు పిక్కనూనె మరకల్లేకుండా ఉంటోంది. సంతోషించాను. ఇంటికి వచ్చేసరికి పళ్లెంలో ఇదివరకటి కన్నా ఎక్కువ రొట్టె మిగులుతోంది. పిండి ఎక్కువైందనుకున్నాను. నేనూ అయ్యగారూ కూర్చుని తినేవాళ్లం.

అలా పద్నాలుగు నెలలు. పద్నాలుగు బల్లలు. వాళ్ల ముక్కలు నేను తిన్నాను.

ఒక్క నిమిషం. నీళ్లు ఇవ్వండి. ... వందనాలు.

రెండువేల సంవత్సరం, ఆగస్టులో, ముసలమ్మ మంచాన పడింది. కబురు వస్తే అయ్యగారూ నేనూ వెళ్లాం. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె ఉన్న పళ్లెం ఆమె ముందు పెట్టారు. ముసలమ్మ చేతులు దుప్పటి కిందికి పోయాయి. "నాకొద్దు బాబూ" అంది. అయ్యగారు మళ్లీ అడిగారు. గోడ వైపు తిరిగింది. ఆయన ఎవరినీ ఒత్తిడి చేసే మనిషి కాదు, పళ్లెం తీసేశారు. దారిలో నేనన్నాను, ఆ ముసలామె ఏదో పాపం దాచుకుంది, ఒప్పుకోలేకపోతోంది అని. ఇంకో మూడు రోజులకి ముసలమ్మ చనిపోయింది. నేను ఆ మాట సమాధి దగ్గర కూడా ఇద్దరు ముగ్గురితో అన్నాను. ఆ ఇద్దరు ముగ్గురూ ఇక్కడ ఉన్నారు. అది తప్పుడు మాట. దాన్ని మీరు ఇవాళ మనసులోంచి తీసెయ్యాలని అడుగుతున్నాను.

ఆ ఏడాది క్రిస్మసు అయ్యాక నాలో పౌరుషం పొడుచుకొచ్చింది. మిల్లు ఆడవాళ్లు బల్ల తీసుకోవడం లేదని చివరికి ఎవరో చెప్పారు. నేను దాన్ని వాళ్ల ఆత్మీయ జీవితంలో లోపం అనుకున్నాను. డజను సబ్బులు కొని సంచిలో వేసుకుని మధ్యాహ్నం నేరుగా మిల్లుకి వెళ్లాను. ఈశ్వరరావుగారూ, మీకు ఇది తెలియదు, మీ మిల్లులో నేను గంటసేపు పనిచేశాను. (నవ్వులు) మీ మేస్త్రీ నన్ను చూసి బయటికి పారిపోయాడు.

ఆడవాళ్లంతా నేల మీద వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. పైడితల్లి ముందు నిలబడి అందరికీ వినపడేలా అడిగాను, "ఏమిటి నీలో ఉన్న పాపం? ఎవరితో పడటం లేదు? ఎందుకు బల్ల తీసుకోవడం లేదు?" అని. కొట్టడం ఆగిపోయింది. పైడితల్లి నా ముఖంలోకి చూసింది. కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె పక్కకి జరిగి చోటు ఇచ్చింది.

"కూకోండి అమ్మగారూ. ఒక్క పిక్క కొట్టి సూడండి" అంది.

నాకు పందెంలాగా అనిపించింది. కూర్చున్నాను. "సేతులకి బూడిద రాసుకోండి, నేకపోతే కాల్తాది" అని బూడిద చిప్ప ముందుకు తోసింది. బూడిదా? నేను? సబ్బులు డజను తెచ్చినదాన్ని బూడిద పూసుకుంటానా? వద్దన్నాను. "ఓలమ్మో, రాసుకోండమ్మా" అని పక్కావిడ కూడా అంది. వద్దన్నాను. గంటసేపు కొట్టాను. పప్పు ముక్కలు చేసినవే ఎక్కువ, ఆ ముక్కలు పక్కావిడ నవ్వుకుంటూ తన పోగులో కలిపేసుకుంది. లేచి గర్వంగా ఇంటికి వెళ్లాను.

సాయంత్రానికి వేళ్లు మంట. మరునాటికి నల్లబడ్డాయి. సబ్బుతో తోమాను. కొబ్బరినూనె రాశాను, నిమ్మకాయ రుద్దాను, కిరసనాయిలు రుద్దాను, చింతపండు రుద్దాను. అయ్యగారు చూసి, "ఇంక మిగిలింది రంపపు పొట్టు ఒక్కటే" అన్నారు. (నవ్వులు) మీరు నవ్వారు కానీ, అప్పటికే నా లోపల ఏదో కదలడం మొదలైంది. రొట్టెకి పిండి కలపాలి. నా చేతులతో ఆ తెల్లటి పిండిని ముట్టుకోబుద్ధి కాలేదు. అయ్యగారి చేత కలిపించాను.

రెండువేల ఒకటి జనవరి, మొదటి ఆదివారం. నా బేసిను, నా సబ్బు, నా తువ్వాలు. ఆ రోజు నేను పక్కన నిలబడలేదు, వరసలో నిలబడ్డాను. కడుక్కున్నాను. నల్లగానే ఉన్నాయి. మళ్లీ కడుక్కున్నాను. మూడోసారి సబ్బు తీసుకోబోతుంటే వెనక నుంచి పైడితల్లి మెల్లగా అంది, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

"సాల్లెండి అమ్మగారూ. లోనికెల్లండి. అది పోదు."

"ఇంకోసారి" అనలేదు. అనడానికి ఆమెకి అన్ని హక్కులూ ఉన్నాయి. నేనైతే అనేదాన్ని.

లోపల పళ్లెం నా దాకా వచ్చింది. తుంచుకోబోయాను. నా చెయ్యి నాకు తెలియకుండానే చెంగు కిందికి వెళ్లిపోయింది. నేను పంపలేదు, అదే వెళ్లింది. అప్పుడు నాకు ముసలమ్మ చేతులు దుప్పటి కిందికి పోవడం కనపడింది. అప్పుడు తెలిసింది. అంతకుముందు ఏళ్ల తరబడి పొయ్యి ముందు అడిగిన జ్ఞానం ఆ ఒక్క నిమిషంలో వచ్చిపడితే, దాన్ని మొయ్యడం నా వల్ల కాలేదు. ఇంత జ్ఞానం వద్దు ప్రభువా అనిపించింది.

పళ్లెం పట్టుకుని లేచాను. మన సంఘంలో పళ్లెం పట్టుకుని నడిచేది మగపెద్దలే, ఆడవాళ్లు లేచి తీసుకెళ్లడం అప్పటికి లేదు. బాబూరావుగారు దగ్గారు. రెండుసార్లు దగ్గారు. (నవ్వులు) నేను వినిపించుకోలేదు. వెనక గోడ దాకా నడిచి, పైడితల్లి పక్కన చాప మీద కూర్చుని, పళ్లెం ఆమె ఒళ్లో పెట్టాను. "నాకు చేతకావడం లేదు. నువ్వు తుంచి పెట్టు" అన్నాను. ఆమె చాలాసేపు రొట్టె వైపు చూసింది. తర్వాత చెంగు తీసేసి తుంచింది. నా చేతిలో పెట్టింది. తనూ తిన్నది. ఆ తర్వాత చాపల మీద ఉన్న ప్రతి ఒక్కరూ తిన్నారు. పళ్లెం గుడ్డ మీద ఆ రోజు మరకలు పడ్డాయి. నేను దాన్ని ఉతకడం నాలుగు రోజులు ఆలస్యం చేశాను.

బేసిను ఇంటికి తెచ్చేశాను. పెరట్లో దాన్లో మట్టి పోసి కొత్తిమీర వేశాను. ఇన్నేళ్లూ మన చర్చి విందుల్లో మీరు తిన్న కొత్తిమీర అదే. కొత్తగా వచ్చే అమ్మగారికి ఆ మడి అప్పజెప్పి వెళ్తున్నాను. ఆవిడకి ఒక్కటే మనవి, కొత్తిమీర కోసుకోండి కానీ మట్టి దులపకండి, బేసిను బయటికి వస్తుంది. (నవ్వులు) చేతులు కడుక్కోవద్దని నేను అనడం లేదు. ఇంటి దగ్గర శుభ్రంగా కడుక్కుని రండి. నేను ఇప్పటికీ సబ్బు అమ్మగారినే. కాకపోతే గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం మానేశాను. ఈశ్వరరావుగారు తర్వాత మిల్లులో చేతులకి రాసుకోవడానికి ఆముదం డబ్బాలు పెట్టించారు, అందుకు వారికి నా కృతజ్ఞతలు.

కానీ ముసలమ్మ సంగతి అలాగే ఉండిపోయింది. ఆమె ఖాళీ చేతులతో వెళ్లిపోయింది, దానికి కారణం నేను. ఏడేళ్లుగా పైడితల్లి మా ఇంటికి వస్తూనే ఉంది. నాకు టైఫాయిడ్ వస్తే గంజి తాగించింది. అక్కుపల్లి నుంచి చేపలు వస్తే మా వాటా శుభ్రం చేసి ఇచ్చేది. ఒక్కనాడూ వాళ్ల అత్త మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె ఎత్తకపోవడం క్షమించడమో, కోపమో నాకు తెలియదు. అడగడానికి భయపడ్డాను.

నిన్న మధ్యాహ్నం చివరి ప్రార్థనకని అయ్యగారూ నేనూ వాళ్లింటికి వెళ్లాం. పైడితల్లి అరుగు మీద కూర్చుని పనసపండు వలుస్తోంది. ఇంక వేరే రోజు లేదు కదా అని, నిలబడే అడిగేశాను. "పైడితల్లీ, మీ అత్త నా మూలంగా బల్ల తీసుకోకుండా చనిపోయింది. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. కత్తి పక్కన పెట్టింది. నేను తిడుతుందనుకున్నాను. ఆమె భయపడుతోంది.

"అమ్మగారూ, నానూ ఒక తప్పు సేసినాను. ఇన్నేళ్లూ ఎవులికీ సెప్నేదు" అంది. "మీరొచ్చి ఎల్లినారు సూడండి, ఆ తెల్లారి మా అత్త ఏడిసింది. 'ఒలె పైడీ, రొట్టి తిన్నేదే, రొట్టి తిన్నేదే' అని ఒకటే ఏడుపు. మల్లీ మిమ్మల్ని పిలుద్దుమంటే వద్దంది, సిగ్గు. ఇంట్లో గోదుంపిండి నేదు. సోడిపిండి ఉంటే రొట్టి కాల్సినాను. ద్రాచ్చరసం బదులు బెల్లంనీల్లు కలిపినాను. అయ్యగారు సేసే పార్దన నాకు రాదు గదా, నాకొచ్చింది సేసినాను. మా అత్త సేతిలో పెడితే తనే తుంచుకుంది. నాకూ పెట్టింది. ఆ సాయంత్రం నవ్వింది కూడా. అయ్యగారు నేకుండా, నాలాటిది అలాగ సెయ్యొచ్చా? అది సెల్లుద్దేటమ్మగారూ?"

ఎనిమిదేళ్లు! నేను ఆ మాట ఎత్తలేక తప్పించుకుంటుంటే, ఆమె కూడా ఆ మాటే ఎత్తలేక తప్పించుకుందన్న మాట. నేను ఒకరిని బల్లకి దూరం చేశానని, ఆమె ఒకరిని బల్లకి చేర్చానని, ఇద్దరం ఒకే తప్పు చేసినట్టు ఒకరి నుంచి ఒకరం దాక్కున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. ఇక్కడ చెబుతుంటే మళ్లీ వస్తోంది, మన్నించండి.

ఆమె నన్నే అడిగింది కానీ నేను అయ్యగారి వైపు చూశాను. వాక్యంలో ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "ఆ చోడిపిండి ఇంట్లో ఇప్పుడుందా అమ్మా?" అని అడిగారు. ఉందంది. "రేపటి బల్లకి రొట్టె నువ్వే చెయ్యాలి" అన్నారు. పైడితల్లి బిత్తరపోయింది. "నల్లగుంటాదండి" అంది. "ఉండనీ" అన్నారు అయ్యగారు.

అదీ సంగతి. మీరు ఉదయం తిన్నది పైడితల్లి చేతి చోడిరొట్టె, మా వైపు రాగిరొట్టె అంటాం. తెల్లవారుజామున లేచి తన పొయ్యి మీద కాల్చి, అరటాకులో చుట్టి, మా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. ముసలమ్మ చివరిగా తిన్న రొట్టె అది. చెల్లుతుందా అని ఆమె అడిగిన ప్రశ్నకి ఈ సంఘమంతా ఉదయం జవాబు చెప్పింది, తెలియకుండానే. పైడితల్లీ, ఎక్కడున్నావు? లేవద్దులే. తల మాత్రం వంచుకోకు. (చప్పట్లు)

మీరు కప్పిన శాలువా చాలా బాగుంది, తెల్లది కాదు, అందుకు కమిటీవారికి ప్రత్యేకంగా వందనాలు. (నవ్వులు) బాబూరావుగారికి, ఆయన రెండు దగ్గులతో సహా, వందనాలు. మమ్మల్ని పన్నెండేళ్లు మీ పనసపళ్లతో, ఎండుచేపలతో, మీ "ఏటి అమ్మగారూ" అన్న పిలుపుతో పెంచిన మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. దగ్గరగా వచ్చి చూస్తే వేళ్ల చివర ఆ నలుపు ఇంకా కాస్త కనపడుతుంది. పోలేదు. ఇప్పుడు రుద్దడం లేదు.

ఉదయం ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే పళ్లెం ఇంటికి తీసుకెళ్లాను. అయ్యగారు చొక్కా మార్చుకుంటూ, ఎప్పటిలాగే, "ఏమైనా మిగిలిందా?" అని అడిగారు. పళ్లెం తీసి చూపించాను. ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

సెలవు.